పేడముద్ద మీద పన్నెండు వత్తులు

ఆ రోజుల్లో నాకు దేవుని మీద ఎంత నమ్మకం ఉండేదో, నా మీద నాకు అంతకంటే ఒక పిసరు ఎక్కువే ఉండేది. పంతొమ్మిదేళ్ల వయసు. మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సు దారిలో ఉన్న మా ఊళ్లో, మిషను బడిలో చిన్న పంతులు ఉద్యోగం. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఏడాదో రెండేళ్లో అయింది. లోకమంతా కొత్తగా ఉంది, అందులో నేను మరీ కొత్తగా ఉన్నాను. ఆదివారం బడిలో పెద్ద పిల్లలకు వాక్యం చెప్పే పని కూడా నాకే అప్పగించారు. అందులో నాకు బాగా పట్టుబడిన పాఠం ఒకటుండేది, శకునాల పాఠం. తుమ్ము వినబడితే ఆగడం, పిల్లి అడ్డమొస్తే వెనక్కి తిరగడం, బల్లి పలికితే నేల మీద వేలు కొట్టడం, ఇవన్నీ విశ్వాసికి ఎందుకు తగవో నేను గంటసేపు ఊపిరి తిప్పుకోకుండా చెప్పగలిగేవాణ్ని. చెబుతున్నప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేచేది. (మా ఉపదేశిగారికి అలా లేచేది. ఆయన్ని చూసి నాదీ లేవడం నేర్చుకుంది. విశ్వాసంలో నాలో ఎదిగిన మొదటి అవయవం అదే అనుకుంటాను.)

మా బాపు ఆ పాఠం వినలేదో, విన్నా తనకు కాదనుకున్నాడో తెలియదు. ఆయన మగ్గం మనిషి. జ్ఞానస్నానం తీసుకుని పదిహేనేళ్లయినా, మగ్గం గుంటలో కాళ్లు పెట్టబోతుండగా ఎవరైనా తుమ్మితే, ఆ కాళ్లు మళ్లీ పైకి తీసుకునేవాడు. ఆ ఏడు ఆయనకు మూత్రసంచిలో రాయి పుట్టింది. నొప్పి వచ్చినప్పుడు ఆ గుంటలోనే ముడుచుకుపోయి పళ్లు బిగబట్టుకునేవాడు. రాయిని కోసి తీయాలన్నారు. మా ఊరి మిషను దవాఖానాలో నర్సులూ మందులూ ఉండేవి గాని కోసే డాక్టరు లేడు. నెలకొకసారి కరీంనగర్ నుంచి జీపులో ఒకాయన వచ్చి, ఒక్క పగలు ఉండి, కోయవలసిన వాళ్లందరినీ కోసి వెళ్లిపోయేవాడు. నవంబరులో ఆయన వచ్చిన రోజు బాపును బల్ల మీదికి ఎక్కించబోతుంటే వరండాలో ఎవరో తుమ్మారు. బాపు దిగి, దవాఖానా బట్టలతోనే బస్సెక్కి, మంథనిలో మా మేనత్త ఇంటికి వెళ్లిపోయాడు. డిసెంబరులో ఆయనను నేనే చెయ్యి పట్టుకుని తీసుకువస్తుంటే దవాఖానా గేటు దగ్గర ఒకామె కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది. నా చేతిలో బాపు చెయ్యి ఉందనే అనుకుంటూ నేను పది అడుగులు ముందుకు నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే నా చేతిలో ఉన్నది ఆయన కండువా. ఆయన అప్పటికే బస్సు మెట్టు మీద ఉన్నాడు.

జనవరి ఏడో తారీకున డాక్టరు మళ్లీ వస్తాడు. ఈసారి జ్వరం కూడా మొదలైంది, క్రిస్మసుకు ముందే బాపును తెచ్చి వార్డులో చేర్చాం. "ఇది తప్పిపోయిన యెడల ఇంకొక నెల అతడు ఉండకపోవచ్చును" అని సిస్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అంతవరకు నాకు సిగ్గుగా మాత్రమే ఉండేది. శకునాల పాఠం చెప్పే పంతులు తండ్రి శకునం చూసి పారిపోయాడని సంఘంలో అందరూ నవ్వుతున్నారే అని. ఆ మాట విన్నాక సిగ్గు పోయి భయం వచ్చింది.

సిస్టరమ్మ సంగతి చెప్పాలి. దవాఖానాకు పెద్ద నర్సు ఆమె. ఎర్రటి జుట్టు, మోచేతుల దాకా మచ్చలు, మగవాళ్ల నడక. మా దేశానికి వచ్చి పాతికేళ్లయింది. తెలుగు బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకున్నది గనుక సగం గ్రంథంలా, సగం దవాఖానా ఆయాలలా మాట్లాడేది. "భయపడకుము, జర నోరు తెరువుము" అని ఆమె అంటే రోగులు ప్రవక్త ముందు నిలబడ్డట్టు నోరు తెరిచేవాళ్లు. ఆమెకు కోపం వచ్చే మాట ఒకటే ఉండేది. ఎవరైనా "ఇంగ్లండు దొరసాని" అంటే చేతిలో ఉన్న పని ఆపేది. "నేను ఇంగ్లండు దాననుగాను. మాది ఐర్లాండు. మేము కెల్టు వారము. మా నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. బడిలో ఆమె తన భాష మాట్లాడిన యెడల బెత్తముతో కొట్టిరి." ఈ సంగతి మాత్రం నాకు వెంటనే అర్థమైంది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ చదివి పెరిగిన వాణ్ని కదా. క్రిస్మసు వచ్చిందంటే ఆమెకు ఇల్లు గుర్తొచ్చేది. తెల్ల అట్టల మీద రంగుసిరాతో మెలికలు తిరిగిన తీగలు గీసి మంచానికొకటి తగిలించేది. తీగ పైనుంచి పోయి, కింద నుంచి వచ్చి, తిరిగి తనలోనే కలిసిపోయేది. ఆడవాళ్లు "మెలికల ముగ్గు" అనేవాళ్లు. మా బాపు మటుకు తన మంచం దగ్గరి అట్టను గంటలకొద్దీ వేలితో తడుముతూ ఉండేవాడు. "ఒకటి మీదికెళ్లి, ఒకటి కిందికెళ్లి. నేతనే రా ఇది. కాని కొస ఎక్కడున్నదో దొరుకుత లేదు" అనేవాడు. అట్ట చూస్తున్నంతసేపు ఆయనకు నొప్పి గుర్తుండేది కాదు.

ఆ ఏడే సిస్టరమ్మకు మా ఊళ్లో ఆఖరు క్రిస్మసు. వేసవిలో పని విరమించి ఇంటికి వెళ్లిపోతుంది. అందుకని పండుగ చివరి రోజు, జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండుగనాడు, జనవరి ఆరున, వాళ్ల ఊళ్లో చేసుకున్నట్టు ఒక్కసారి చేయాలని కోరింది. ఆ రోజును వాళ్లు ఆడవాళ్ల క్రిస్మసు అంటారట. ఆడవాళ్లు కూర్చుంటారు, పనంతా మగవాళ్లు చేస్తారు. సాయంత్రం ఒక గుండ్రటి పేడముద్ద చేసి, దాని చుట్టూ పన్నెండు చిన్న వత్తులు, నడుమ ఒక పెద్దది గుచ్చి వెలిగిస్తారు. పన్నెండు శిష్యులకు, నడిమిది ప్రభువుకు. "కనుక పంతులూ, నీవు పోయి ఆవుపేడ తెచ్చుము" అంది.

నేను బుట్ట పట్టుకుని బయలుదేరాను. పంతులు ఉద్యోగంలో చేరాక ఇస్త్రీ చొక్కా లేకుండా వీధిలోకి రాని వాణ్ని. బుట్ట నింపుకుని వస్తుంటే ఎదురొచ్చింది ఎవరో కాదు, గడియారం తాత. ఆయన మా సంఘ పెద్ద. ఎప్పటిదో గొలుసు గడియారం ఒకటి జేబులో ఉండేది. ప్రసంగం ఎంతసేపైందో, ప్రార్థన ఎంతసేపైందో, చివరికి సమాధి దగ్గర ఏడుపు ఎంతసేపైందో కూడా చూసి చెప్పేవాడు.

"ఏం పంతులూ, బడి బందు వెట్టి పిడకలు కొడుతున్నవా?"

"సిస్టరమ్మ తెమ్మన్నది తాతా. పండుగకు."

"ఏ పండుగకు రా? గొబ్బెమ్మలు ఇడిసిపెట్టి ముప్పై ఏండ్లాయె. గా ఇంగ్లండోళ్లు మనతోని ఇడిసిపెట్టిచ్చి, గిప్పుడు వాళ్లు షురూ జేసిండ్రా?"

"ఇంగ్లండు కాదు తాతా, ఐర్లాండు."

"పేడకు దేశమేంది రా!"

నాకూ లోపల అదే అనుమానంగా ఉంది. కాని గట్టిగా సమాధానం చెప్పాను. వస్తువులో ఏమీ లేదు, దాని మీద మనం పెట్టుకున్న భయంలోనే పాపం ఉంది అని. చెయ్యి లేవబోయింది గాని బుట్ట బరువుకు ఆగిపోయింది.

వత్తులు చేయడం కూడా నా పనే. చెరువు కట్ట కింది తుంగ కాడలు కోసుకొచ్చి, పైతొక్క ఒలిచి, లోపలి మెత్తటి బెండును ఎండబెట్టాం. చర్చిలో పండుగకు కాల్చగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ ఒక గిన్నెలో కరిగించి అందులో ఒక్కో కాడను ముంచి తీయాలి, ఆరాక మళ్లీ ముంచాలి. ఐదో తారీకు మధ్యాహ్నం సిస్టరమ్మ ఆరు వత్తులు ముంచింది, నేను ఆరు. ముంచుతూ ముంచుతూ ఆమె నవ్వుతూ చెప్పింది. "మా ఊరిలో ఒక్కొక్క వత్తికి ఇంటిలోని ఒక్కొక్కరి పేరు పెట్టుదురు. ఎవరి వత్తి మొదట ఆరునో వారే మొదట చనిపోవుదురని మా ముసలివారు చెప్పిరి. అయితే మా అమ్మ ఏమి చేసెననగా…"

ఆ తరువాత ఆమె ఏం చెప్పిందో నేను వినలేదు. ఎవరో ఆయా ఆమెను పిలిచింది, ఆమె లేచింది, నేనూ ఆగలేదు. నా తలలో అప్పటికే ఒక ఆలోచన పొయ్యి మీది మైనంలా ఉడుకుతోంది. మా బాపు వాక్యం వినడు, డాక్టరు మాట వినడు, కొడుకు మాట అసలే వినడు. శకునం మాట మాత్రం వింటాడు. అయితే ఆయనకు ఒక మంచి శకునం దొరికితే? అందరి వత్తులూ ఆరిపోయి బాపు వత్తి ఒక్కటే వెలుగుతూ ఉంటే, ఆయన తెల్లవారి తనే నడిచి వెళ్లి బల్ల ఎక్కడా?

అప్పుడు నా మనసు నాకు బైబిలులోని గిద్యోనును చూపించింది. ఆయనా గుర్తు అడిగాడు కదా, ఉన్ని మీద మంచు పడాలని అడిగాడు, దేవుడు కోపగించుకోలేదు కదా. (గిద్యోను తనే చెంబుతో నీళ్లు తెచ్చి ఉన్ని మీద పోసుకోలేదన్న సంగతి ఆ పూట నాకు గుర్తు రాలేదు.) ఎవరూ లేకుండా చూసి ఒక వత్తిని తీసుకుని మరో నాలుగుసార్లు ముంచాను. బొటనవేలంత లావైంది. గిన్నెలో మైనం అడుగంటింది. ఆఖరున ఉన్న వత్తికి ఒక్క పూత కూడా సరిగా పట్టలేదు, ఎండిన గడ్డిపోచలా ఉంది. ఎవరికో ఒకరికి అది వస్తుందిలే అనుకున్నాను. ఎవరికో అన్నది నా ఆలోచనలో ఎప్పుడూ మా ఇంటివాళ్లు కాని మనిషే.

ఆరో తారీకు సాయంత్రం మగవాళ్ల వార్డు వరండాలో చాపలు పరిచాం. ఆ రోజంతా మగవాళ్లమే అన్నం వండి, గిన్నెలు తోమాం. మా అవ్వను, అంటే మా అమ్మను, జీవితంలో మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె కుర్చీలో కూడా కాళ్లు పైకి ముడుచుకుని నేల మీద కూర్చున్నట్టే కూర్చుంది. "కొడుకా, చాయ్ తే" అంది ఒకసారి. నేను తెచ్చాక ఆ రుచి తెలిసి, "కొడుకా, గింత చక్కెర తే", "కొడుకా, గా చెంబు జర ఇటు జరుపు" అని పండుగను పూర్తిగా వాడుకుంది. ఇత్తడి పళ్లెంలో పేడముద్ద, దాని అంచు చుట్టూ సిస్టరమ్మ సున్నంతో వేసిన మెలికల తీగ, పైన పన్నెండు వత్తులు. నడుమ చర్చి కొవ్వొత్తి. చుట్టూ పన్నెండుమంది, అవ్వ, బాపు, కూర్చోగలిగిన రోగులు తొమ్మిదిమంది. పన్నెండోవాడు గడియారం తాత. పేడను ఆక్షేపించడానికి వచ్చి, వచ్చాడు గనుక అందరికంటే ముందు కూర్చున్నాడు. ఎవరి ఎదుట ఏ వత్తి ఉంటే అది వాళ్లది. లావు వత్తి బాపు ఎదుటికి వచ్చేలా పళ్లెం పెట్టింది నేనే.

బాపు చంకలో మూట ఉంది. నేను చూశాను. ఏడు గంటలకు మంథని పోయే ఆఖరు బస్సు మా గేటు ముందు ఆగుతుంది.

"సిస్టరమ్మా, ఒక మాట" అన్నాడు గడియారం తాత. "పన్నెండు మంది శిష్యులంటిరి. మరి ఇస్కరియోతు యూదా వత్తి ఎవలది?"

అందరూ తమ ఎదుటి వత్తి నుంచి కొంచెం వెనక్కి జరిగారు.

"యూదా లేడు. అతని స్థలమందు మత్తీయ వచ్చెను. ఇక నోరు మూయుము తాతా" అంది సిస్టరమ్మ.

నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను లేచాను. లావు వత్తి బాపు ఎదుటే ఉంది, గాలి లేదు, అంతా నా చేతిలో ఉంది. "సిస్టరమ్మ గారి దేశంలో తెలియని వాళ్లు ఒక మాట అనుకునేవారట. ఎవరి వత్తి ముందు ఆరితే వాళ్లు ముందు పోతారని, ఎవరిది ఆఖరుదాకా వెలిగితే వాళ్లకు నూరేళ్ల ఆయుష్షని. మనం విశ్వాసులం. మనకు ఇలాంటివి లేవు" అని చెయ్యెత్తి చెప్పాను. మనకు లేవన్న ముక్క ఎవరికీ వినబడలేదు. పన్నెండు తలలు పన్నెండు వత్తుల వైపు వంగాయి. బాపు తన వత్తిని చూసుకున్నాడు. లావుగా ఉంది. చంకలో మూట కొంచెం వదులైంది. నాకు లోపల సంతోషం పొంగింది.

సిస్టరమ్మ నా వైపు ఒక చూపు చూసింది, మందు కలపడంలో తప్పు చేసిన కాంపౌండరును చూసే చూపు. తరువాత పళ్లెం అంచు పట్టుకుంది. "వెలిగించక ముందు దీనిని సూర్యుడు తిరుగునట్లు తిప్పవలెను. అది మా వారి పద్ధతి" అంది. నేను "అమ్మగారూ…" అనేలోగానే పళ్లెం తిరిగింది. ఒక చుట్టు, రెండు, మూడు. ఆగింది.

లావు వత్తి గడియారం తాత ఎదుట నిలబడింది. బాపు ఎదుట ఉన్నది గడ్డిపోచ.

మళ్లీ తిప్పండి అని ఏ నోటితో అంటాను? మనకు ఇలాంటివి లేవని అప్పుడే చెయ్యెత్తి చెప్పినవాణ్ని. సిస్టరమ్మ వెలిగిస్తూ వచ్చింది. పదమూడు మంటలు లేచాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉందని తరువాత అందరూ అన్నారు. నేను ఒక్క మంటనే చూశాను. అది లేవడమే దగ్గుతూ లేచింది.

గడియారం తాత గడియారం తీశాడు. "ఆరు నలభై" అన్నాడు.

కీర్తన ఎత్తుకున్నారు. ఎప్పుడూ ఎలుగెత్తి పాడే మా వాళ్లు ఆ రోజు పెదవులు సగమే తెరిచి పాడారు. తమ ఊపిరి తమ వత్తికి తగులుతుందేమోనని భయం. రెండు కాళ్లకూ కట్లున్న ముసలాయన ఒకడు రెండు చేతులూ దొన్నె చేసి తన వత్తి చుట్టూ పెట్టాడు. అది చూసి అందరూ పెట్టారు. దూరం నుంచి చూస్తే పన్నెండుమంది చలి కాచుకుంటున్నట్టుంది. బాపు మాత్రం చేతులు పెట్టలేదు, మూటను మళ్లీ చంకలోకి బిగించి గడ్డిపోచనే చూస్తున్నాడు.

"ఐదు నిమిషాలాయె" అన్నాడు తాత. ఆయన వత్తి పెళ్లిపందిట్లో దివిటీలా మండుతోంది. "నాది చూసిండ్రా? ఎట్ల కాలుతున్నదో."

"నీకేంది తాతా, రాజా లెక్క ఉన్నది" అన్నారు ఎవరో ఏడుపు గొంతుతో.

నేను మెల్లగా వెళ్లి గాలి వచ్చే వైపు నిలబడ్డాను. గాలి మరోవైపు నుంచి వచ్చింది. అటు వెళ్లాను. అవ్వ కుర్చీ కాలు తట్టుకుని తూలాను. "కుదురుగ నిలవడలేవా?" అంది అవ్వ. గడ్డిపోచ సగం దాటింది. అంచున పేరుకోవాల్సిన మైనమే లేదు, బెండు ఉత్తదే కాలుతోంది. నీళ్ల మీద నడుస్తూ గాలిని చూసి మునిగిపోయిన పేతురు గురించి నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆయనకు కనీసం చెయ్యి పట్టుకోవడానికి ప్రభువు పక్కనే ఉన్నాడు. నా పక్కన గడియారం తాత ఉన్నాడు.

"పదకొండు నిమిషాలు" అన్నాడు తాత.

అప్పుడు నాకు ఆఖరు దుర్బుద్ధి పుట్టింది. బాపుది మిగలడం ఇక కుదరదు. కాని దానికంటే ముందు ఇంకొకటి ఆరిపోతే? ఏదైనా ఒక్కటి. తాతకు డెబ్బై ఏళ్లు, ఆయన పిల్లలందరూ పెళ్లిళ్లై స్థిరపడ్డారు. (ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఒక సంఘ పెద్ద చావుకు నేను లోపల అనుమతి ఇచ్చేశాను.) ఆయన వెనక మోకాళ్ల మీద కూర్చుని, ముందుకు వంగి, కీర్తన గట్టిగా ఎత్తుకున్నాను. "ఓ" అన్న చోటల్లా ఊపిరి మొత్తం ఆయన వత్తి మీదికి వదిలాను. ఆ దివిటీ ఇంతైనా వంగలేదు. నా ఊపిరి దాన్ని దాటి, పళ్లెం మీదుగా అవతలికి పోయి, నేరుగా గడ్డిపోచను తాకింది. మంట పడుకుంది. నీలంగా, చిన్నగా, ఆవగింజంత అయింది.

"అయ్యో!" అని వరండా అంతా ఒక్కటే గొంతు. నేను నోరు మూసుకోవడం మరచి అలాగే ఉండిపోయాను. దూరంగా చెరువు మలుపు దగ్గర బస్సు హారను మోగింది.

మంట మెల్లగా లేచి నిలబడింది, వణుకుతూ.

బాపు తల ఎత్తాడు. వత్తిని కాదు, నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్లకు ఏం కనబడిందో నాకు తరువాత అర్థమైంది. చెమటతో తడిసిన ఇస్త్రీ చొక్కా, పేడ అంటిన మోకాళ్లు, గుండ్రంగా తెరిచిన నోరు. మూడు నెలలుగా ఆయనకు ధైర్యం బోధించిన పంతులు.

"ఏం రా, పాట వాడుతున్నవా, కొలిమి ఊదుతున్నవా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. బాపు బొటనవేలూ చూపుడువేలూ నాలుకకు తడి చేసుకున్నాడు, తెగిన పోగును అతికే ముందు నేతగాడు చేసుకున్నట్టు. ముందుకు వంగి, ఆ రెండు వేళ్లతో తన వత్తిని నలిపేశాడు. చుయ్యిమంది. సన్నటి పొగ లేచింది.

"అయిపాయె. ముందుగాల పోయేది నేనే. తేలిపాయె గద. ఇగ మీరంత పానాలు బిగవట్టుకోని కూసోకున్రి. చేతులు కాలుతయ్, తియ్యున్రి."

కట్ల ముసలాయన చేతులు తీసేసి గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరికి ఆయన వత్తే ఆరిపోయింది. ఆయన దాని వంక చూసి, "పోతే పాయె, రెండోది గద" అన్నాడు. అప్పుడు మొదలైంది నవ్వు. కుట్లు ఉన్నవాళ్లు కుట్లు పట్టుకుని నవ్వారు.

గడియారం తాత ఒక్కడే ఒప్పుకోలేదు. "గట్లెట్ల? చేతితోని ఆర్పుతే లెక్కకు రాదు. పదమూడు నిమిషాలకు నువ్వే…"

"నీ గడియారం లోపల వెట్టు పెదబాపూ. అయినా పేడ మీద నీకు నమ్మకం లేదంటివి గద?" అన్నాడు బాపు.

తాత గడియారాన్ని చూసి, తన దివిటీని చూసి, గడియారం జేబులో పెట్టుకున్నాడు.

బస్సు గేటు ముందు ఆగింది. కండక్టరుకు అలవాటే గనుక కాస్త ఎక్కువసేపే ఆపాడు. "నేతాయన అస్తడా?" అన్న కేక వినబడింది. బాపు చంకలో మూట తీసి అవ్వ ఒడిలో వేశాడు. "పొమ్మను" అన్నాడు.

తరువాత నన్ను దగ్గరకు పిలిచి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "నాకొక్కనికే భయమనుకున్న రా. నువ్వు నాకన్న ఎక్కువ భయపడుతుంటివి. ఇద్దరం భయపడితె ఎట్ల కొడుకా? మీ అవ్వను ఎవలు చూస్తరు? గందుకే నేను బంద్ జేసిన."

సిస్టరమ్మ పళ్లెం దగ్గరికి వచ్చింది. ఆరిన గడ్డిపోచను పేడలోంచి తీసి, నడుమ ఉన్న పెద్ద కొవ్వొత్తి దగ్గర పెట్టి వెలిగించి మళ్లీ బాపు ఎదుట గుచ్చింది. ముసలాయనదీ అలాగే చేసింది. "నడిమి దీపము ఎందుకున్నదని అనుకొంటిరి? ఆరినవాటిని ముట్టించుటకే. మా అమ్మ రాత్రంతయు ఇట్లే చేయుచుండెను. అందుచేత మా ఇంటిలో ఎవరి వత్తియు మొదట ఆరలేదు."

"ఈ సంగతి ముందే చెప్పకపోతిరి అమ్మగారూ!" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నిన్ననే చెప్పితిని. నీవు చావు మాట వరకు విని పరుగెత్తితివి" అంది.

బాపు ఆ వత్తి వంక చూస్తూ తనలో తనే అన్నాడు. "పోగు తెగితె మేం జేసేది గదే గద."

తెల్లవారి ఆయన తనే నడిచి వెళ్లి బల్ల ఎక్కాడు. తలుపు మూసేముందు లోపల కాంపౌండరు గట్టిగా తుమ్మాడు. లోపలినుంచి బాపు గొంతు వినబడింది, "పడిశమున్నదా బిడ్డా? జర చాయ్ తాగు" అని. రాయి ఉసిరికాయంత ఉంది. దాన్ని ఒక పొడి డబ్బాలో పెట్టుకుని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు, నేను మెట్రిక్ పాసైన కాగితం కంటే గర్వంగా. సిస్టరమ్మ ఆ వేసవిలో వెళ్లిపోయింది. వెళ్లేముందు మంచం దగ్గరి మెలికల అట్టను బాపుకే ఇచ్చింది. ఆయన దాన్ని మగ్గం ఎదుటి గోడకు కొట్టుకున్నాడు, కొస మటుకు చివరిదాకా దొరకలేదు. ఆ పేడముద్ద చుట్టూ కూర్చున్న పన్నెండుమందిలో, అవ్వతో సహా, అందరికంటే ఆఖరున పోయింది మా బాపే. ఎవరినీ అడగకుండా తన వత్తి తనే మొదట ఆర్పుకున్నవాడు.

శకునాల పాఠం నేను ఆ తరువాత కూడా చాలా ఏళ్లు చెప్పాను, గంట పట్టేది పది నిమిషాలకు తగ్గింది. చెయ్యి లేవడం మానేసింది. ఇప్పుడు నాకు గడియారం తాత వయసు దాటింది. ప్రతి జనవరి ఆరున మనవళ్లతో కలిసి పళ్లెంలో వత్తులు వెలిగిస్తాను. పిల్లలు పేడ ముట్టరు గనుక గోధుమపిండి ముద్ద మీద గుచ్చుతాం. ఎవరి వత్తి ఎవరిదో నేను అడగను, ఎవరికీ చెప్పను. విశ్వాసులం, మనకు అలాంటివి లేవు. కాకపోతే అవి వెలుగుతున్నంతసేపు నేను కిటికీ వైపే కూర్చుంటాను. చలి పెడుతుంది, ఇటు రా తాతా అంటారు పిల్లలు. ఇక్కడే బాగుందిరా అంటాను. చేతిలో ఒక అగ్గిపెట్టె మాత్రం ఉంచుకుంటాను.